సొంత ఇల్లు కొనే ముందు

అల్లాహ్ తన దాసులకు చేసిన ఉపకారాలను దివ్య ఖుర్ఆన్‌లో ఎన్నో చోట్ల గుర్తు చేశాడు. అన్‌నహ్ల్ అధ్యాయం 80వ ఆయతులో ఆ ఉపకారాలలో ఇల్లు కూడా ఒకటిగా కనిపిస్తుంది. అక్కడ ఇంటి గురించి వాడిన అరబీ మాట 'సకన్'. అంటే మనిషి ఒళ్ళూ మనసూ రెండూ నెమ్మదించే చోటు. విశాలమైన ఇల్లు, మంచి పొరుగు మనిషి సౌభాగ్యానికి గుర్తులని దైవప్రవక్త (స) తెలిపినట్లు ఇబ్నె హిబ్బాన్ హదీసు గ్రంథంలో ఉంది. కాబట్టి సొంత ఇల్లు కావాలని కోరుకోవడం దురాశ కాదు, ప్రాపంచిక వ్యామోహం అసలే కాదు. అది మనిషి సహజమైన అవసరం.

అయితే నెమ్మది కోసం కొన్న ఇల్లే నెమ్మదిని హరించే మార్గాలు కూడా ఉన్నాయి. ఈ నెల పాఠంలో వాటిని గురించి తెలుసుకుందాం.

ఒక సోదరుని ప్రశ్న

కొన్నాళ్ళ క్రితం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని షాహీ మసీదులో అస్ర్ నమాజు తర్వాత ఒక యువకుడు నా దగ్గర కూర్చున్నాడు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు. నిజాం కాలంలో ఆల్బర్ట్ ఆబిద్ అనే వర్తకుడి దుకాణం వల్ల పేరొచ్చిన ఆ వీధిలో ఈనాటికీ వేలాది కుటుంబాల జీవనోపాధి ఉంది. అతను తల్లి, భార్య, ఇద్దరు పిల్లలతో నాంపల్లి స్టేషన్ వెనుక రెండు గదుల పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాడు.

"మౌలానా సాబ్, మా ఇంటి యజమాని పాత ఇల్లు బిల్డరుకి ఇచ్చేశారు. నాలుగు నెలల్లో ఖాళీ చేయమంటున్నారు. పన్నెండేళ్ళుగా దాచుకున్న పది లక్షలు ఉన్నాయి. అమ్మీ రోజూ ఏడుస్తోంది, చచ్చేలోపు సొంత గడపలో నమాజు చదువుకోవాలని. ఏం చేయమంటారు?" అని అడిగాడు.

అతని ముందు నాలుగు దారులున్నాయి. ఒకటి, బ్యాంకు అప్పుతో నాంపల్లిలోనే ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొనడం. రెండు, ఊరి చివర ఇంకా పునాది కూడా పడని ఫ్లాటును 'ప్రీ లాంచ్' పేరుతో సగం ధరకు బుక్ చేయడం. మూడు, పది లక్షలు ఒక యజమాని చేతిలో పెట్టి, అద్దె లేకుండా 'రహన్' ఇంట్లో ఉండడం. నాలుగు, ఇంకో అద్దె ఇల్లు వెతుక్కోవడం.

"ధరలు పెరుగుతాయని ఒకరు, పడిపోతాయని ఒకరు చెబుతున్నారు. సోమవారం లోగా బయానా ఇవ్వకపోతే ఫ్లాటు వేరేవాళ్ళకు పోతుందని బ్రోకరు అంటున్నాడు" అని కూడా చెప్పాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు. మన ఇళ్ళలో సగం ఇళ్ళది. అందుకే ఆ నాలుగు దారులనూ షరీఅత్ వెలుగులో ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మార్కెట్ భయం - మోమిన్ వైఖరి

ముందు ధరల భయం సంగతి. ఇంటి ధరలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకం ఎంత బలహీనమైనదో 2008లో ప్రపంచమంతా చూసింది. అమెరికాలో తీర్చే స్తోమత లేనివారికి కూడా ఇంటి అప్పులు ఇచ్చి, ఆ అప్పులనే కాగితాలుగా మార్చి అమ్ముకున్నారు. ధరలు పడిపోగానే పెద్ద పెద్ద బ్యాంకులు కూలాయి, లక్షలాది కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. ఆ గాలి హైదరాబాదుకూ తగిలింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ఆ తర్వాత రాష్ట్ర విభజన ఉద్యమం సాగిన సంవత్సరాల్లో నగరంలో భూముల బేరాలు మందగించాయి. 2014 తర్వాత ధరలు మళ్ళీ లేచాయి. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు, 2020లో కరోనా, అదే ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రిజిస్ట్రేషన్ల నిలుపుదల వచ్చాయి. 2024 జూలైలో 'హైడ్రా' ఏర్పడి, తర్వాతి నెలల్లో చెరువుల శిఖం భూముల్లోని కట్టడాలను కూల్చివేసింది. ప్రతి సంఘటనకూ కొనేవారి గుండె ఒకసారి ఆగినట్లయింది.

ఇన్ని మలుపుల్లో ధర రేపెలా ఉంటుందో ముందుగా చెప్పగలిగినవాడు లేడు. గైబ్ జ్ఞానం అల్లాహ్‌కు మాత్రమే ఉంది. కాబట్టి నివాసం కోసం కొనేవాడు ధర అడుగంటే రోజు కోసం ఏళ్ళ తరబడి కాచుకోనక్కర లేదు. రేపు పెరిగిపోతుందేమోనని ఈ రోజే నిప్పులో దూకనూ కూడదు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయాలని మహాప్రవక్త (స) ఒక వ్యక్తికి ఉపదేశించిన సంగతి తిర్మిజీ హదీసులో ఉంది. కట్టడం మన పని, కాపాడడం ఆయన పని. 'సోమవారం లోగా' అనే బెదిరింపు చాలాసార్లు ఒంటెను కట్టే వ్యవధి ఇవ్వకుండా చేసే ఎత్తుగడే.

మొదటి దారి: బ్యాంకు అప్పు

అల్‌బఖర అధ్యాయం 275వ ఆయతులో అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడు. 279వ ఆయతులో వడ్డీని వదలనివారికి అల్లాహ్ తరఫు నుంచి, ఆయన ప్రవక్త తరఫు నుంచి యుద్ధ హెచ్చరిక ఉంది. ఇంత కఠినమైన హెచ్చరిక మరే ఆర్థిక పాపం విషయంలోనూ లేదు. వడ్డీ తినేవాడినే కాక, ఇచ్చేవాడిని, పత్రం రాసేవాడిని, సాక్షులను కూడా ప్రవక్త (స) శపించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ముస్లిం గ్రంథంలో ఉంది. "నేను తీసుకోవడం లేదు కదా, ఇస్తున్నాను కదా" అనే సాకు ఇక్కడ చెల్లదు.

లెక్క కూడా ఒకసారి చూడండి. 30 లక్షల అప్పు, ఏడాదికి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుందాం. నెలకు సుమారు 26 వేల రూపాయల కిస్తు పడుతుంది. 20 ఏళ్ళకు కట్టేది దాదాపు 62 లక్షల 48 వేలు. అంటే అసలు కంటే వడ్డీయే ఎక్కువ. మధ్యలో ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా, ఇంటి ధర సగానికి పడిపోయినా అప్పు ఒక్క రూపాయి తగ్గదు. 2024లో కూల్చివేతలకు గురైనవారిలో ఇంకా కిస్తులు కడుతున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇల్లు పోయింది, అప్పు మిగిలింది. వడ్డీ స్వభావమే ఇది. లాభం అప్పిచ్చినవాడిది, ఆపద తీసుకున్నవాడిది.

"యూరోపులో కొందరు ఉలమా ఇంటి అప్పుకు అనుమతి ఇచ్చారట కదా?" అని అడిగేవారున్నారు. నిజమే. యూరోపు ఫత్వా, పరిశోధన మండలి 1999లో అక్కడి ముస్లింల ప్రత్యేక స్థితిని చూసి, వేరే మార్గం లేనివారికి, ఒకే నివాస గృహానికి, షరతులతో అటువంటి అభిప్రాయం వెలిబుచ్చింది. దానితో ఎందరో ఉలమా విభేదించారు. జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ వడ్డీతో కూడిన ఇంటి అప్పు నిషిద్ధమనే తీర్మానించింది. మన దేశంలోని ప్రముఖ దారుల్ ఇఫ్తాల సాధారణ ఫత్వా కూడా నిషేధమే. అద్దె ఇల్లు దొరికే ఊరిలో సొంత ఇల్లు లేకపోవడం ఇబ్బందే గానీ, ప్రాణాపాయం లాంటి 'జరూరత్' కాదు. నిజంగా గత్యంతరం లేదనుకునే కుటుంబం తన పరిస్థితినంతా ఒక ముఫ్తీ గారి ముందు ఉంచి అడగాలి. పక్కింటివారికి వచ్చిన ఫత్వాను తమకు అన్వయించుకోరాదు.

రెండో దారి: పునాది లేని ఫ్లాటు

హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఒక వ్యాపారి. తన దగ్గర లేని సరుకును ముందే అమ్మి, తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చా అని ఆయన అడిగితే దైవప్రవక్త (స) వారించారు. ఇందులో ఉన్న దోషాన్ని ఫిఖ్హ్‌లో 'గరర్' అంటారు. అంటే అమ్మేది ఏమిటో, దొరుకుతుందో లేదో తెలియని అనిశ్చితి.

అయితే కట్టించి ఇచ్చే ఒప్పందానికి షరీఅత్‌లో దారి ఉంది. దాని పేరు 'ఇస్తిస్నా'. చెప్పులు కుట్టించుకున్నట్లు, కుర్చీ చేయించుకున్నట్లు, ఇల్లు కూడా కట్టించుకోవచ్చు. ఎంత వైశాల్యం, ఏ అంతస్తు, ఏ సామాను, ఎంత ధర, ఎప్పుడు అప్పగింత - ఇవన్నీ ముందే స్పష్టంగా తేలాలి. డబ్బు విడతలుగా ఇవ్వవచ్చు. కానీ కట్టడం పూర్తికాక ముందే ఆ ఫ్లాటును ఇంకొకరికి లాభానికి అమ్మకూడదు. ఎందుకంటే లేని వస్తువును అమ్మినట్లవుతుంది. ఈనాడు 'ప్రీ లాంచ్'లో కొనేవారిలో చాలామంది ఉద్దేశం ఇదే.

చట్టం కూడా ఈ విషయంలో మనకు అండగా ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కట్టే ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా ప్రకటించకూడదు, బుక్ చేసుకోకూడదు. రిజిస్టరు అయిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవారి నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు భూమికి, కట్టడానికి మాత్రమే వేరే ఖాతాలో ఉంచాలి. ఇటువంటి రిజిస్ట్రేషన్ నంబరు లేని 'ప్రీ లాంచ్' సగం ధరకే వస్తోందంటే, ఆ మిగిలిన సగం మీ భద్రత ధర అని అర్థం చేసుకోండి.

'హలాల్' అనే పేరు చూసి కూడా మోసపోకండి. 2019లో బెంగళూరులో 'వడ్డీలేని హలాల్ లాభం' అంటూ సొమ్ము సేకరించిన ఒక సంస్థ కుప్పకూలి, వేలాది ముస్లిం కుటుంబాలు ఆడపిల్లల పెళ్ళి సొమ్ము, ఇంటి సొమ్ము పోగొట్టుకున్నాయి. గడ్డం, టోపీ, బిస్మిల్లాహ్ బోర్డు - ఇవేవీ పత్రాలకు బదులు కావు.

మూడో దారి: రహన్ ఇల్లు

మన నగరంలో ఇది ఎంత మామూలయిందంటే, ఇందులో తప్పుందని చెబితేనే జనం ఆశ్చర్యపోతారు. ఐదో పదో లక్షలు యజమానికి ఇస్తారు. రెండు మూడేళ్ళు అద్దె లేకుండా ఉంటారు. గడువు తీరాక మొత్తం సొమ్ము తిరిగి తీసుకుంటారు.

తాకట్టు అనేది స్వతహాగా ధర్మసమ్మతమే. స్వయంగా దైవప్రవక్త (స) తమ ఇనుప కవచాన్ని ఒక యూదుని వద్ద తాకట్టు పెట్టి బార్లీ తీసుకున్నారు. కానీ తాకట్టు వస్తువు బాకీకి భద్రత మాత్రమే, అనుభవించడానికి కాదు. ఇక్కడ పది లక్షలు అప్పు, అద్దె లేని నివాసం ఆ అప్పుకు ప్రతిఫలం. అప్పు మీద వచ్చే ప్రతి లాభం వడ్డీయే అనే సూత్రం సహాబాల నుంచి మనకు చేరింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి) అప్పు తీసుకున్నవాడు గడ్డిమోపు కానుకగా ఇచ్చినా తీసుకోవద్దని, అది వడ్డీ అని హెచ్చరించిన ఉల్లేఖనం బుఖారీలో ఉంది. గడ్డిమోపు గురించే ఇంత జాగ్రత్త అయితే, ఏళ్ళ తరబడి ఒక ఇల్లంతా అనుభవించడం గురించి ఏమనాలి?

కొందరు నెలకు వంద రూపాయలు అద్దె రాసుకుని తప్పించుకోవాలని చూస్తారు. ఆ వీధిలో అదే ఇంటి అద్దె 10 వేలయితే, మిగతా 9,900 దేనికి వదిలినట్లు? అప్పు ఇచ్చినందుకే కదా. పేరు మార్చినంత మాత్రాన వస్తువు మారదు. సక్రమమైన దారి సులువే. న్యాయమైన అద్దె, దానితో పాటు మామూలుగా ఉండే రెండు మూడు నెలల డిపాజిట్.

నాలుగో దారి: అద్దె ఇల్లు

అద్దె ఇంట్లో ఉండడం అవమానమని మన సమాజంలో ఒక భావన పాతుకుపోయింది. పిల్లల సంబంధాలు చూసేటప్పుడు కూడా 'సొంతిల్లుందా?' అనేదే మొదటి ప్రశ్న. మదీనాకు వలస వచ్చిన తర్వాత దైవప్రవక్త (స) కొన్ని నెలలు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట అతిథిగా ఉన్నారు. మసీదు, గదులు సిద్ధమయ్యాకే అక్కడికి మారారు. ఆ మసీదు స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. ఉచితంగా ఇస్తామన్నా ఆయన స్వీకరించలేదు, వెల చెల్లించే తీసుకున్నారు. సొంత చోటు కోసం తొందర లేదు, ఇతరుల హక్కు మీద చేయి లేదు. ఇల్లు కొనేవారికి ఇంతకంటే గొప్ప ఆదర్శం ఏముంటుంది?

ధర్మసమ్మతమైన మార్గాలు

మన దేశంలో ఇస్లామీ బ్యాంకు లేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. అంతమాత్రాన దారులన్నీ మూసుకుపోలేదు.

మొదటిది, విడతల అమ్మకం. యజమాని నగదు ధరకంటే కొంత ఎక్కువ ధర చెప్పి, రెండు మూడేళ్ళలో విడతలుగా తీసుకోవచ్చు. ధర మాత్రం ఒకటే తేలాలి, ఆలస్యమైతే పెరగకూడదు.

రెండోది, క్రమంగా తరిగే భాగస్వామ్యం. దీన్ని అరబీలో 'ముషారకా ముతనాఖిసా' అంటారు. పాకిస్తాన్, బ్రిటన్, అమెరికాలలో కొన్ని సంస్థలు ఇళ్ళకు ఈ పద్ధతినే వాడుతున్నాయి. సంస్థ లేకపోయినా బంధువుల మధ్య కూడా ఇది సాధ్యమే. ఉదాహరణకు ఇల్లు 40 లక్షలు. మీరు 10, మీ బావగారు 30 లక్షలు పెట్టి కలిసి కొన్నారు. ఇంటిని 40 వాటాలుగా లెక్కించండి. మీవి 10, ఆయనవి 30. ఆ ఇంటికి న్యాయమైన అద్దె 16 వేలు అనుకుంటే వాటాకు 400 చొప్పున ఆయన భాగానికి నెలకు 12 వేలు అద్దె ఇస్తారు. వీలైనప్పుడల్లా ఒక్కో వాటా ఆయన నుంచి కొంటారు. ప్రతి వాటాతో అద్దె 400 తగ్గుతుంది. ఏటా మూడు వాటాలు కొంటే పదేళ్ళలో ఇల్లంతా మీది.

"ఇదీ వడ్డీలాంటిదే కదా" అని అనిపించవచ్చు. తేడా ఆపద వచ్చినప్పుడు తెలుస్తుంది. ఇల్లు కూలితే అద్దె ఆగిపోతుంది, నష్టం 30 వాటాలవాడికీ 10 వాటాలవాడికీ వారి వారి భాగం మేరకు పడుతుంది. పెద్ద మరమ్మతుల ఖర్చు కూడా అంతే. ధర పడితే తర్వాతి వాటా బేరం ఆనాటి ధరకే జరుగుతుంది. అనిశ్చితిని ఇద్దరూ పంచుకుంటారు. వడ్డీలో అది ఒక్కడి మెడకే చుట్టుకుంటుంది. ఈ ఒప్పందం రాసుకునేటప్పుడు కొనుగోలు, అద్దె, వాటాల అమ్మకం వేర్వేరు పత్రాలుగా, ఒక ఆలిమ్, ఒక వకీలు సలహాతో రాసుకోవాలి.

మూడోది, వడ్డీలేని రుణం. ఇది మన నగరానికి కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు హైదరాబాదులో పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే వడ్డీలేని రుణ సంఘాలు నడిచాయని తమ రచనల్లో వివరించారు. చిన్న జీతగాళ్ళు నెలనెలా కొంత వేసి, అవసరమైనవాడికి అప్పు ఇచ్చుకునేవారు. నేడు పదిమంది కలిసి వేసుకునే 'కమిటీ' కూడా, ఎవరి సొమ్ములోనూ కోత లేకుండా, వంతు ప్రకారం పూర్తి మొత్తం అందితే ధర్మసమ్మతమే. పాటపాడి తగ్గించి తీసుకునే చిట్టీ మాత్రం అప్పు మీద హెచ్చుతగ్గులే కాబట్టి దూరంగా ఉండాలి.

ప్రభుత్వం పేదలకు ఉచితంగా ఇచ్చే గృహ సహాయం తీసుకోవడంలో దోషం లేదు. తెలంగాణలో 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద సొంత స్థలం ఉన్న పేదలకు 5 లక్షల సహాయం ప్రకటించారు. అర్హత లేనివారు అబద్ధపు పత్రాలతో తీసుకోవడం మాత్రం పేదవాడి నోటి ముద్ద లాక్కోవడమే.

పత్రాల పరిశీలన కూడా దీన్‌లో భాగమే

అల్‌బఖర 282వ ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. అది అప్పు వ్యవహారాన్ని రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి! నమ్మకస్తుడే కదా అని పత్రాలు చూడకపోవడం తవక్కుల్ కాదు. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాడికి ప్రళయదినాన ఏడు భూముల భారం మెడకు చుట్టబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల హదీసు హెచ్చరిస్తోంది. కాబట్టి కొనే ముందు ఈ సంగతులు చూసుకోండి:

1. నోటరీ కాగితం, జీపీఏ యాజమాన్యాన్ని ఇవ్వవు. ఈ సంగతిని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రిజిస్టరైన విక్రయ పత్రమే కావాలి. కనీసం 30 ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించండి.

2. ఆ స్థలం వక్ఫ్ ఆస్తా అన్నది చూడండి. నాంపల్లి హజ్ హౌస్‌లోనే వక్ఫ్ బోర్డు కార్యాలయం ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటుంది. వక్ఫ్ భూమి అల్లాహ్ పేరిట అంకితమైనది. చవకగా వచ్చిందని దానిపై ఇల్లు కడితే అందులో బర్కత్ ఎలా ఉంటుంది?

3. చెరువు ఎఫ్.టి.ఎల్., బఫర్ జోన్, నాలా హద్దులు చూడండి. 1908 మూసీ వరద ఈ నగరంలో వేలాది ప్రాణాలు తీసింది. నీటి దారిలో కట్టిన ఇల్లు మన ఒక్కరికే కాదు, పొరుగువారికీ ప్రమాదం.

4. కొత్త అపార్ట్‌మెంటయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. అనుమతి ప్రకారం కట్టడానికి హామీగా బిల్డరు 10 శాతం కట్టడాన్ని నగరపాలక సంస్థకు తనఖా పెడతాడు. మీరు కొనేది ఆ తనఖా భాగంలో ఉందేమో చూసుకోండి.

5. విక్రయ పత్రంలో అసలు ధరే రాయించండి. తెలంగాణలో 2021 జూలైలో రిజిస్ట్రేషన్ ఖర్చులు మొత్తం 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన 40 లక్షల ఇంటికి 3 లక్షలు. కొనే రోజు ఉన్న రేటును కార్యాలయంలో అడిగి ముందే పక్కన పెట్టుకోండి. తప్పించుకోవడానికి అబద్ధపు ధర రాస్తే కొత్త గడపలో మొదటి అడుగు అబద్ధంతో పడుతుంది.

6. బయానా సంగతి. బేరం రద్దయితే బయానా అమ్మినవాడికే చెందుతుందనే షరతును హనఫీలతో సహా ఎక్కువమంది ఫుఖహా ఒప్పుకోలేదు. హంబలీలు అనుమతించారు. అందువల్ల చిన్న మొత్తమే ఇచ్చి, పత్రాలు సరిగా లేకపోతే తిరిగి ఇవ్వాలని రాయించుకోండి.

ఇంటివారి హక్కులు, జకాత్

ఇంకొక విషయం మనం సాధారణంగా దాచిపెడతాం. చాలా ఇళ్ళలో మొదటి ఇంటికి పెట్టుబడి ఊళ్ళోని తాతల ఇల్లు అమ్మిన సొమ్మే. అందులో అక్కచెల్లెళ్ళ వాటా ఉంటుంది. "వాళ్ళు అడగలేదు" అనడం జవాబు కాదు. అన్‌నిసా అధ్యాయంలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటా అది. వారికి ఇచ్చి, ఆ తర్వాత వారు మనస్ఫూర్తిగా అప్పుగానో కానుకగానో ఇస్తే తీసుకోవచ్చు. అలాగే గల్ఫ్‌లో ఉన్న అన్న సొమ్ముతో తమ్ముడి పేరున కొంటే, ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసుకోవాలి. లేకపోతే ఆ ఇల్లే రేపు అన్నదమ్ముల మధ్య గోడవుతుంది.

ఉండే ఇంటికి జకాత్ లేదు. ఇంటి కోసం దాచిన సొమ్ము నిసాబ్‌కు చేరి ఏడాది గడిస్తే 2.5 శాతం ఇవ్వాలన్నది ఎక్కువమంది ఉలమా అభిప్రాయం. ధర పెరిగితే అమ్ముదామని కొన్న ప్లాటుకు మాత్రం ఏటా ఆనాటి మార్కెట్ ధరపై జకాత్ విధి. ధర పడిపోయిన ఏడాది జకాత్ కూడా తగ్గుతుంది. అదీ షరీఅత్ న్యాయం.

ఆ సోదరుడు ఏం చేశాడు?

ఆ రోజు నేను అతనికి రెండే మాటలు చెప్పాను. సోమవారం గడువును మరచిపోండి, ఇస్తిఖారా నమాజు చదివి పత్రాలు తీయించండి అని. తీయించాడు. నాంపల్లి ఫ్లాటుకు పాత లింకు డాక్యుమెంటు ఒకటి లేదు. ప్రీ లాంచ్ వారి దగ్గర రెరా నంబరు లేదు. రహన్ ఇంటి సంగతి విన్నాక అతనే వద్దనుకున్నాడు. నాలుగు నెలలూ అయ్యాయి. అమ్మీని ఓదార్చి ఇంకో అద్దె పోర్షన్‌కు మారాడు. ఆ రాత్రి ఫోన్‌లో అతని గొంతులో దుఃఖం నాకు వినిపించింది. నా సలహా వల్ల ఆ తల్లి కోరిక తీరకుండా పోతుందేమోనని నేనూ నిద్రపోలేదు.

పద్నాలుగు నెలల తర్వాత మల్లేపల్లి వైపు ఒక చిన్న ఫ్లాటు చూశాడు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పత్రాలు శుభ్రంగా ఉన్నాయి. దమ్మామ్‌లో పనిచేసే బావతో పైన చెప్పిన భాగస్వామ్య ఒప్పందం రాసుకున్నాడు. దానికి ముందు ఊళ్ళోని ఇంటి సొమ్ములో ఆపా వాటా ఆమె చేతిలో పెట్టాడు. దానివల్ల అతని సొంత వాటాలు పది నుంచి ఏడుకు తగ్గాయి. "మూడు వాటాలు తగ్గాయి మౌలానా సాబ్, కానీ అమ్మీ రెండేళ్ళుగా మాట్లాడని ఆపా గృహప్రవేశం రోజు వచ్చి వంట చేసింది" అని చెప్పాడు.

మోకాళ్ళ నొప్పితో ఆ తల్లి మెల్లగా మెట్లెక్కి, మొదటి నమాజు కుర్చీలో కూర్చుని చదివిందట. ఆ ఇల్లు ఇంకా పూర్తిగా వారిది కాదు. బావ వాటాలు ఎన్నో మిగిలి ఉన్నాయి. అయినా ఖుర్ఆన్ చెప్పిన ఆ 'సకన్' ఆ గడపలోకి ముందే వచ్చింది.

సోదర సోదరీమణులారా! ఈ పాఠం చదివాక కుటుంబమంతా కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. మన ఇంటి సొమ్ములో ఎవరి హక్కయినా కలిసి ఉందా? మనం ఇప్పుడు ఉంటున్న ఇంటి ఒప్పందంలో వడ్డీ నీడ ఉందా? మన బంధువుల్లో ఇల్లు లేనివారికి భాగస్వామిగా నిలబడే స్తోమత మనలో ఎవరికైనా ఉందా? మూడో ప్రశ్నకు జవాబిచ్చే ఇళ్ళు పెరిగితే మొదటి రెండు ప్రశ్నలూ తేలికవుతాయి.

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనతో విశాలమైన నివాసాన్ని, అందులో నెమ్మదిని, పరలోకంలో శాశ్వత గృహాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.